మ్లేచ్ఛ గిన్నె

అక్టోబర్ 9

ఈ రోజు పోపు పెట్టాను. పెట్టకూడదని తెలిసి కూడా పెట్టాను. ఆవాలు చిటపటమన్నాయో లేదో, మంగ మంచం దిగి బాత్రూంలోకి పరుగెత్తింది. రెండో కీమో అయినప్పటి నుంచి ఆమెకు వంటింటి వాసనలేవీ పడటం లేదు. ఏది తిన్నా నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టే ఉంటుందట, మంచినీళ్ళతో సహా.

మూకుడు దించేసి కిటికీలన్నీ తెరిచాను. అక్షయ దుప్పటి కప్పుకొని హోంవర్క్ చేసుకుంది. పన్నెండేళ్ళ పిల్ల, చలేస్తోందని ఒక్క మాట అనలేదు. ఎప్పుడూ దేనికో ఒకదానికి పేచీ పెట్టే పిల్ల అలా ఊరుకుంటే నాకు భయంగా ఉంది.

ఈ డైరీ రాయమన్నది ఆసుపత్రిలో నాతో మాట్లాడిన కౌన్సెలర్. రాస్తే గుండె బరువు దిగుతుందట. దిగాల్సింది నా బరువు కాదు మేడమ్, పెరగాల్సింది మా ఆవిడ బరువు అన్నాను. ఆవిడ నవ్వలేదు. జర్మన్‌లో నా జోకులు ఎప్పుడూ పేలవు.

అక్టోబర్ 11

బరువు ఇంకా తగ్గితే మూడో కీమో వాయిదా వేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఒళ్ళు తట్టుకోదట. వాయిదా పడితే ఆ లోపల అది ఊరుకుంటుందా అని అడిగాను. "ఏదైనా సరే తినిపించండి, ఏది తింటే అది" అంది.

ఏది తింటే అది! మంగ సంగతి తెలియక అంది. తిరుపతిలో వైష్ణవుల ఇంటి పిల్ల. మొదటి ముద్దకు ముందు కళ్ళు మూసుకొని "గోవిందా" అనకుండా ఇంతవరకు చెయ్యి నోటిదాకా పోలేదు. నేను చూస్తే నెల్లూరువాణ్ణి, చేపల పులుసు మీద పెరిగిన ఒళ్ళు. పెళ్ళినాడు ఒప్పందం ఒకటే: బయట నీ ఇష్టం, ఇంట్లోకి మాత్రం నీచు రాకూడదు. బయట కోడి తిని వస్తే నోరు పుక్కిలించనిదే వంటింట్లోకి అడుగు పెట్టకూడదు. బతిమాలగా బతిమాలగా గుడ్డుకు ఒక్కదానికి అనుమతి దొరికింది. అదీ బాల్కనీలో, చిన్న కరెంటు పొయ్యి మీద, నా నీలం ప్లాస్టిక్ గిన్నెలో. ఆ గిన్నె కడగడం బాల్కనీలోనే, బోర్లించడం బాల్కనీలోనే. మంగ దానికి పెట్టిన పేరు మ్లేచ్ఛ గిన్నె.

ఇవాళ బాల్కనీలో వణుకుతూ గుడ్డు తింటుంటే లోపలినుంచి అరిచింది. "జితూ, ఆ మ్లేచ్ఛ గిన్నె గడప దాటిందో, చూడు మరి!"

ఆ గొంతులో కాస్త ఓపిక వినబడి సంతోషమేసింది. ఇంకోసారి తిట్టించుకుందామని గిన్నె పట్టుకొని గడప దాకా వెళ్ళాను.

అక్టోబర్ 12

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది నా పని. మా ఇంటి కిందే వియత్నాం హోటలు ఉంది. జర్మనీకి, ఈ జిండెల్ఫింగెన్‌కి వచ్చి ఎనిమిదేళ్ళు, దాని ముందునుంచే రోజూ ఆఫీసుకు పోతాను. ఆవాలూ లేవు, ఇంగువా లేదు, పోపన్న మాటే లేదు. మంగకు పనికొచ్చేది అక్కడ ఒక్కటైనా ఉండదా?

ఉన్నవి ఆరు బల్లలే. మెనూ మాత్రం గోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. చుట్టలు, సూపులు, నూడుల్స్, అన్నాలు, కూరలు, సలాడ్లు, రొట్టెలు. ప్రతిదానికీ కోడితోనా, బాతుతోనా, రొయ్యలతోనా, టోఫుతోనా అని మళ్ళీ నాలుగు పిలకలు. నడిపేది లాన్ గారు. అరవై ఉంటాయేమో, పొట్టి మనిషి. ఆమె జర్మనూ నా జర్మనూ సరిసమానం కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం చక్కగా అర్థమవుతాం. నన్ను పేరుతో పిలవదు, హెర్ నాఖ్‌బార్ అంటుంది, పొరుగాయన అని.

వీళ్ళు అన్నిట్లోనూ చేపల సాసు పోస్తారని ఆఫీసులో అఖిలేష్ ముందే హెచ్చరించాడు. అందుకని సీసా సీసా ఎత్తి చూపించమని అడిగాను. కార్లలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టి బతికేవాణ్ణి, నాకు నేర్పాలా? టోఫుతో చేసింది కావాలి, మాంసం వద్దు, చేప వద్దు, చేపల సాసు వద్దు, సోయా సాసు చాలు. లాన్ గారు ఓపికగా తలూపింది.

మొదటి రోజు చల్లటి చుట్టలు. బియ్యపు కాగితంలో ఆకులూ టోఫూ చుట్టి ఇస్తారు. మంగ ఒకటి ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏంది జితూ ఇది? కవర్లో తోటకూర కట్టించుకోనొచ్చినట్టుండాదే."

సగం కొరికి పెట్టేసింది. ఫరవాలేదు. గోడ నిండా ఉన్నాయి.

అక్టోబర్ 14

నిమ్మగడ్డితో వేయించిన టోఫు, అన్నం. మూత తీయగానే, "దోమల బత్తి వాసన" అంది. అక్షయ పకపకా నవ్వి ఆ ప్లేటు మొత్తం తినేసింది. ఇంట్లో నవ్వు వినబడింది కాబట్టి డబ్బు దండగ కాలేదు.

అక్టోబర్ 15

కొబ్బరిపాల కూర, చిలగడదుంపలతో. రెండు చెంచాలు. తరవాత బకెట్.

అక్టోబర్ 17

నిన్న పచ్చి మామిడి సలాడ్. నోట్లో పుండ్లున్నాయని మరిచిపోయి తెచ్చాను. పులుపు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మింగింది, నేను చూస్తున్నానని. ఇవాళ సన్న నూడుల్స్, పైన వేయించిన పల్లీలు. పల్లీలు మాత్రం ఒక్కొక్కటే ఏరుకొని తిని, "ఇవి బాగుండాయి జితూ" అంది.

పల్లీలు తిని బరువు పెరిగినవాళ్ళున్నారా అని ఇంటర్నెట్‌లో వెతికాను.

అక్టోబర్ 19

ఇవాళ అరిచాను. రాయకపోతే ఈ డైరీ ఎందుకు.

అన్నం జావ తెచ్చాను. పైన ఉల్లికాడలు తప్ప ఏమీ లేదు. ఇది తినకపోతే ఇంకేం తింటుంది అనుకున్నాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇదే పెట్టేవారట. "ఇది చూస్తేనే జ్వరమొచ్చేట్టుండాది, తీసెయ్" అంది.

"తినకపోతే చస్తావే!" అన్నాను. నా నోటితోనే అన్నాను.

"చస్తే చస్తాలే గానీ అరవబాక. పాప ఉండాది" అంది నెమ్మదిగా.

అక్షయ హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఉంది. వాటి వైరు ఎక్కడా తగిలించి లేదు.

అక్టోబర్ 20

తినింది. గిన్నె ఖాళీ చేసింది.

నమ్మకం కుదరక ఇంకోసారి రాస్తున్నాను. మంగ గిన్నె ఖాళీ చేసింది.

ఫో అంటారు దాన్ని. పెద్ద గిన్నెలో వేడి చారు, అందులో వెడల్పు బియ్యపు నూడుల్స్, టోఫు, పైన కొత్తిమీర, నిమ్మచెక్క. అనాసపువ్వు, దాల్చినచెక్క వాసన. స్టీలు గిన్నెలో పోసి ఇచ్చాను. కళ్ళు మూసుకొని "గోవిందా" అని ఒక చెంచా నోట్లో పోసుకుంది. ఆగింది. నేను బకెట్ దగ్గరికి జరిపాను. ఇంకో చెంచా తీసుకుంది.

"ఇనుము రుచి లేదు జితూ" అంది. "పలావు ఉడకతా ఉంటే పక్కన కూర్చున్నట్టుండాది. ఏం చారు పెడతాదిరా ఆ మహాతల్లి!"

ఆఖరి చెంచా అక్షయ నోట్లో పెట్టింది. అక్షయ "లెక్కర్" అంది, బాగుందని. నేను బాల్కనీలోకి పోయి కాసేపు నిలబడి వచ్చాను. మగవాడు బాల్కనీలో ఏడిస్తే ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, అదొక్కటి ఈ దేశంలో సుఖం.

అక్టోబర్ 24

బరువు నిలబడింది. కొంచెం పెరిగింది కూడా. మూడో కీమో ఎక్కించారు.

వచ్చేటప్పుడు హోటల్లోకి వెళ్ళి లాన్ గారికి రెండు చేతులూ జోడించాను. మీ సూపే మందు అన్నాను. ఆమె సంతోషంతో నన్ను చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది, రహస్యం చూపిస్తానని. నా నడుమంత ఎత్తు స్టీలు డేగిసా. మూత ఎత్తింది.

కోడి ఎముకలు. పొద్దుటినుంచి మరుగుతున్నాయట. అందుకే అంత బలం అంది. మాంసం వద్దని మీరు చెప్పారు కదా, ముక్కలు వేయలేదు, టోఫు వేశాను. మాంసం వద్దనే జర్మన్లంతా ఇదే తింటారు అంది.

చేపల సాసు సీసాలు ఎత్తి చూశాను. డేగిసా మూత ఎత్తి చూడలేదు.

లాన్ గారు నా మొహం చూసి, తప్పు చేశానా అని అడిగింది. లేదన్నాను. ఇవాళ్టి పార్సెల్ చేతిలో పెట్టింది. తీసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

పైకి తెచ్చాను. ఆమె "గోవిందా" అంది. నేను కిటికీలోంచి పార్కింగ్‌లో కార్లు చూస్తూ నిలబడ్డాను.

అక్టోబర్ 25

చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? మానేస్తుంది. మానేస్తే బరువు పడిపోతుంది. నాలుగో కీమో ఆగుతుంది. చెప్పకపోతే? నలభై ఏళ్ళుగా నోటికి తగలనివ్వనిది నా చేత్తో పెడుతున్నాను. మందుల్లో ఏమేం కలుపుతారో ఎవరికి తెలుసు, ఆ గొట్టాల బిళ్ళల మీద తొడుగు పశువుల ఎముకల జిలాటిన్‌తో చేస్తారని కూడా తెలుసు నాకు, అది మింగడం లేదా? ఇదీ మందే. మందుకు నీచేమిటి?

బాగా వాదించాను. కాకపోతే ఎదురుగా ఎవరూ లేరు.

అక్టోబర్ 27

లాన్ గారిని అడిగాను, ఎముకలు లేకుండా చేయగలరా అని. విడిగా చిన్న గిన్నె పెట్టింది. ముల్లంగి, ఎండు పుట్టగొడుగులు, కాల్చిన ఉల్లిపాయ, కాల్చిన అల్లం, అవే దినుసులు. నేను రుచి చూశాను. అదే రుచి అనిపించింది. పైకి పరుగున తెచ్చాను.

మంగ ఒక చెంచా తాగి చెంచా కింద పెట్టింది.

"ఇది అది కాదు జితూ."

"అదేనబ్బా. అదే మనిషి చేసింది."

"కాదు. ఇనుము వచ్చేసింది మళ్ళీ."

అక్టోబర్ 28

మళ్ళీ పాతదే తెచ్చాను. తినింది.

నవంబర్ 3

తిరుపతి నుంచి కౌసల్య వదిన వీడియో కాల్ చేసింది, మంగ తింటుండగా. మంగకు ఆమె అక్కే కాదు, సగం అమ్మ.

"ఏమే అది, సేమ్యా పాయసమా?"

"కాదక్కా, వియత్నాం చారు. నూడుల్స్ వేస్తారు."

"బయటిదా? ఏం కలుపుతారో ఏమో. అంతా శుద్ధమేనా?"

"మా ఆయన సీసాతో సహా చూసొచ్చినాడులే" అంది మంగ, నా వైపు గర్వంగా చూసి.

వదిన నాకు దణ్ణం పెట్టింది, ఫోన్లోంచి. "మీరు దేవుడు మరిదిగారూ" అంది. నాకు అర్జెంటుగా పని గుర్తొచ్చింది.

లాన్ గారికి, మా ఆవిడకు చెప్పొద్దని చెప్పి ఉంచాలేమో. ఎలా చెప్పను ఆ మాట? అయినా మంగకు జర్మన్ రాదు. లాన్ గారికి ఇంగ్లీషు రాదు. ఫరవాలేదు.

నవంబర్ 12

ఈమధ్య ఇంటినుంచే పని చేస్తున్నా, ఇవాళ కొత్త వెర్షన్ టెస్టింగ్, ఆఫీసుకు పోక తప్పలేదు. పొద్దున్నే ఫోన్ చేస్తే లాన్ గారు తనే సూప్ పైకి తెచ్చి ఇస్తానంది. మంగతో కాసేపు కూర్చుని వెళ్ళిందట. స్కూలు నుంచి వచ్చిన అక్షయ ఇటు మాటలు అటూ, అటు మాటలు ఇటూ మార్చి చెప్పిందట.

"ఏం మాట్లాడుకున్నారు?" అని అడిగాను.

"ఆడోళ్ళ మాటలు. నీకెందుకు?" అంది మంగ. మొహం ప్రశాంతంగా ఉంది. అనవసరంగా భయపడ్డాను. అక్షయ అప్పటికే గదిలోకి పోయింది.

నవంబర్ 13

ఇవాళ సూప్ పోయబోతుంటే, "ఆ స్టీలు గిన్నె వద్దు జితూ, కాలతా ఉండాది. నీ మ్లేచ్ఛ గిన్నె తే" అంది.

నా గిన్నె! బాల్కనీలోంచి! నేను నవ్వాను. నిజమే, కీమోకి వేళ్ళ చివర్లు మంటపుడుతున్నాయి, స్టీలు పట్టుకోలేదు. ప్లాస్టిక్ తేలిక కూడా. వేడినీళ్ళతో రెండుసార్లు తోమి తెచ్చాను. "అంతగా తోమబాకలే" అంది.

తిన్నాక మళ్ళీ బాల్కనీలోనే బోర్లించమంది. అలవాటు.

నవంబర్ 20

అక్షయ ఇవాళ సూప్ ఆఖరి చెంచా కోసం నోరు తెరిచింది, ఎప్పటిలాగే. మంగ చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దమ్మా, ఎంగిలి. నా ఒంట్లో మందులుండాయి" అంది. మంచిదే. డాక్టర్లు కూడా అదే చెప్తారు.

ఈమధ్య తినేముందు "గోవిందా" అనడం లేదు. గొంతు అలసిపోతోంది. పొద్దున స్నానమయ్యాక మాత్రం దేవుడి దగ్గర కూర్చొని చాలాసేపు ఏదో చెప్పుకుంటోంది. కూర్చోగలుగుతోంది, అదే గొప్ప.

డిసెంబర్ 4

హోటలుకు తీసుకెళ్ళమంది. నాలుగు మెట్లకు ఒకసారి ఆగుతూ దిగాం. మంగ ఉన్ని టోపీలో, నా జాకెట్‌లో, స్కూలు పిల్లలా ఉంది.

మూల బల్ల దగ్గర కూర్చుని చుట్టూ ఉన్న ప్లేట్లన్నీ చూసింది. "అదేంది జితూ, పసుపుపచ్చగా, దోసెలాగుండాదే?" అది బియ్యప్పిండి అట్టు, లోపల మొలకలు పెడతారు. "అదేంది, లడ్డు మాదిరి?" నువ్వులు అద్దిన ఉండ, లోపల పెసరపప్పు పూర్ణం. "అయ్యో, పూర్ణమే! మరి ఇదెందుకు తేలేదు నాకు?" నిజమే, ఎందుకు తేలేదు? వెంటనే తెప్పించాను. ఒక ముక్క కొరికింది. మింగలేక కాగితంలో ఉమ్మేసింది, ఎవరూ చూడకుండా.

"ఇన్ని రకాలుండాయే" అంది. "బాగైనాక కూర్చోని అన్నీ తింటా. నీచు లేనివి." నా కళ్ళలోకి చూసి నవ్వింది.

అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. లాన్ గారు వచ్చి మంగ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. భాష లేని ఇద్దరు అంతసేపు ఏం చూసుకున్నారో. ఇక చెప్పడం కుదరలేదు.

డిసెంబర్ 17

స్కాన్ వచ్చింది. కాలేయంలోకి పాకింది.

కీమో ఇక వద్దన్నారు. ఎక్కించాలంటే ఒళ్ళు తట్టుకోదు, ఎక్కించినా లాభం లేదు. డాక్టరమ్మ పెద్ద కాగితాల కట్ట చేతిలో పెట్టింది, ఇంటికి వచ్చే నర్సుల గురించి. నేను ఎన్నో ప్రశ్నలు అడుగుదామని వెళ్ళాను. పార్కింగ్ డబ్బులు ఎక్కడ కట్టాలని అడిగి వచ్చేశాను.

మరి ఎందుకోసం పెట్టాను ఆ సూపు?

డిసెంబర్ 18

ఇక దాచాల్సిన పని లేదు. రేపు చెప్తాను.

డిసెంబర్ 19

అక్షయ బడిలో క్రిస్మస్ పాటలు. వీడియో తీసుకొచ్చి చూపించాను. మంగ సంతోషంగా ఉంది. రేపు.

డిసెంబర్ 27

రేపు.

జనవరి 8

ఇవాళ గట్టిగా అనుకొని మంచం పక్కన కూర్చున్నాను. నీలం గిన్నెలో చారు మాత్రమే. నూడుల్స్ మింగడం లేదు. చెంచాతో పడుతున్నాను.

"మంగా, నీకొకటి చెప్పాల."

"చెప్పబాక" అంది.

"అది కాదు, వినవే—"

"ఏమీ చెప్పబాక జితూ. నువ్వు చెప్పేస్తే నేను ఏదో ఒకటి అనాల. నాకు ఓపిక లేదు. ఇంకో చెంచా పొయ్."

పోశాను. అలసటగా ఉంది పాపం. ఇంకోరోజు చెప్తాను.

జనవరి 21

చారుతో పెదాలు తడిపాను. చాలంది. తులసి నీళ్ళు అడిగింది. స్టీలు గ్లాసులో ఇవ్వమంది, దేవుడి దగ్గర గ్లాసులో. నీలం గిన్నె కడిగి బాల్కనీలో పెట్టేసి చేతులు కడుక్కొని రమ్మంది. అలాగే చేశాను.

చాలా రోజుల తరవాత గొంతు పైకి వినబడేలా "గోవిందా" అంది.

జనవరి 23

మంగ పోయింది.

జనవరి 30

రోజంతా ఆఫీసులు, సంతకాలు, అపాయింట్‌మెంట్లు. బూడిద ఇంటికి తీసుకుపోవడానికి ఎన్ని అనుమతులో. అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకొని నింపాను. ఒక్క తప్పూ లేదు.

ఫిబ్రవరి 12, తిరుపతి

కౌసల్య వదిన తెల్లవారుజామునే లేచి మడితో వండింది. పులిహోర, దద్దోజనం, బూరెలు, మంగకిష్టమైనవన్నీ. మిద్దె మీద విస్తరి పెట్టి పక్కకు నిలబడ్డాం. కాకులు గోడ మీద వాలాయి గానీ ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది.

"నా చెల్లెలికి ఏదో మిగిలిపోయింది మరిదిగారూ" అంది వదిన ఏడుస్తూ. "కడాకు ఏం ఇష్టంగా తినేది? చెప్పండి, ఇప్పుడే చేసి పెడతా."

ఏం చెప్పను? అక్షయ నా మొహంలోకి చూస్తోంది.

"పెరుగన్నం వదినా" అన్నాను.

మళ్ళీ పెరుగన్నం పెట్టింది. చివరికి ఒక కాకి దిగి బూరె ముక్క ఎత్తుకుపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాకులు మొదట దిగనిది నావల్లే. అది నేను చేసిన పని. బతికుండగా ఆమె నియమం చెడగొట్టాను, పోయాక వాళ్ళక్కకు అబద్ధం చెప్పాను. ఇక చెప్పుకొని క్షమించమని అడగడానికి మనిషి లేదు.

మార్చి 2, జిండెల్ఫింగెన్

వచ్చి నాలుగు రోజులైనా కింద హోటలు వైపు చూడలేదు. ఇవాళ అక్షయ అడిగింది. ఇక్కడి పిల్లల్లా నన్ను పాపా అంటుంది.

"పాపా, అమ్మ సూప్ తెచ్చుకుందామా?"

నోటికొచ్చిన సాకేదో చెప్పబోయాను. నా కూతురికి కూడానా? కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అది అమ్మ తినేది కాదమ్మా. అందులో టోఫు ఉంటుంది గానీ, చారు కోడి ఎముకలతో కాస్తారు. అమ్మకు తెలియదు. నేను చెప్పలేదు."

"ఇష్ వైస్" అంది అక్షయ.

"ఏం తెలుసు నీకు?"

"ఎముకల సంగతి. అమ్మకు కూడా తెలుసు, పాపా."

తనే చెప్పింది, సగం జర్మన్‌లో, సగం తెలుగులో. లాన్ గారిని తాంతె అంటుంది, అత్త అని.

"లాన్ తాంతె సూప్ తెచ్చిన రోజు. అమ్మ నన్ను అడగమంది, ఎట్లా చేస్తారు, నాకు నేర్పిస్తారా అని. పాపా రోజూ కిందికి పోతుండాడు, నేనే చేసుకుంటా అని. లాన్ తాంతె చెప్పింది. నాకు ట్రాన్స్‌లేట్ చేయబుద్ధి కాలేదు. అమ్మ 'చెప్పవే' అనింది. చెప్పినా."

"ఏమంది?"

"మీ నాయనకు తెలుసా అని అడగమంది. లాన్ తాంతె 'యా' అంది. అప్పుడు అమ్మ ఏడ్చింది, కొంచెం నవ్వింది కూడా. తర్వాత స్టీలు గిన్నెలోది తీసి, నీ బ్లూ గిన్నె తెమ్మని, అందులో పోసుకొని తాగింది. తాగినాక ఆ స్టీలు గిన్నె పారేయమంది. కింద చెత్త టొన్నెలో వేసొచ్చినా."

స్టీలు గిన్నె ఒకటి కనబడటం లేదని నవంబరులో నేను ఇల్లంతా వెతికాను.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అమ్మ వద్దంది. మీ నాయనకు చెప్పబాక, తెలిస్తే తేవడం మానేస్తాడు, నాకు ఇంకా కొన్నాళ్ళు కావాల అంది. ఇంకా..." అక్షయ ఆగింది. "ఆ పార్సెల్ పట్టుకొని మెట్లెక్కి వచ్చేటప్పుడు మీ నాయన మొహం చూసినావా? దాన్ని చూసి ఎవురైనా వద్దంటారా, అనింది."

పిల్లను దగ్గరికి తీసుకున్నాను. ఇంత మాట లోపల పెట్టుకొని ఈ పన్నెండేళ్ళ పిల్ల బడికి పోయింది, పాటలు పాడింది, తిరుపతిలో నా పక్కన నిలబడి కాకుల్ని చూసింది. ఇద్దరం బాగా ఏడ్చాం, ఈసారి బాల్కనీలోకి పోకుండా.

ఏం చెప్పబోయానో ఆమెకు తెలుసు. నేను చెప్పేస్తే ఇక తినడానికి వీలుండదని చెప్పనివ్వలేదు. నియమం నేను చెడగొట్టానని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. ఆమె దాన్ని తనే పక్కన పెట్టుకొని, దేవుడికి రోజూ పొద్దున్నే చెప్పుకుని, నా మ్లేచ్ఛ గిన్నెలో తిన్నది. నాకు తప్పులు పట్టడం వచ్చనుకున్నాను. గిన్నె అడిగింది, పిల్లకు ఎంగిలి పెట్టలేదు, గోవిందా అనలేదు. అన్నీ ఇందులో నా చేత్తోనే రాసుకున్నాను.

ఒక్కసారి చెప్పి ఉంటే, ఒక్క పూటైనా ఇద్దరం దాచుకోకుండా కూర్చుని ఆ సూపు తాగేవాళ్ళం కదా మంగా.

కిందికి వెళ్ళాను. లాన్ గారు నన్ను చూసి చారు పోసింది.

మార్చి 3

బాల్కనీలోంచి నీలం గిన్నె తీసుకొని లోపలికి వచ్చాను. గడప దగ్గర కాసేపు ఆగాను.

ఎవరూ అరవలేదు.